హీ అంటే వాడు

ఇప్పటికీ గంజి పెట్టిన కొత్త చీర మడత విప్పితే చాలు, ఆ వాసనకు నగరిలో మా ఇంటి వసారా, ఆడి నెల ముసురుకు ఆరక దండెల మీద వేలాడే నూలు చిలపలు, మగ్గం చప్పుడులో కేకలేసి మాట్లాడుకునే మా వాళ్లు, మధ్యాహ్నం సంగటిలోకి అవ్వ రోట్లో నూరే ఊరిబిండి, గచ్చకాయలాట మధ్యలో లేచి దాన్ని వేలితో నాకి తిట్లు తినే నేను, అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి.

అలాంటి ముసురు రోజునే, అప్పుడే డిగ్రీ పాసైన మా అక్క చిత్తూరులో ఒక కంపెనీ గుమాస్తా ఉద్యోగానికి ఇంగ్లీషులో అర్జీ రాసింది. అది వస్తే మా ఇంట్లో ఒక్కరైనా మగ్గం గుంటలోంచి బయటపడతారని అందరికీ ఆశ. రాసింది పైకి చదువుతూ, నాయన నేతపని గురించి చెప్పే చోట ఆమె ‘హీ’ అనగానే, ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలుపెట్టిన నేను ఊరుకోలేకపోయాను.

“హీ అంటే వాడు. మా పుస్తకంలో ఉండాది.”

అవ్వ చేతిలో పొత్రం ఆగిపోయింది. “ఏమే, కన్న నాయనని వాడు అని రాసినావా?”

నాయన మగ్గం కూడా ఆగింది. అంత ఘోరం నేనెన్నడూ వినలేదు. ఇంగ్లీషులో అది తప్పు కాదని అక్క చెప్పబోయింది గానీ, అవ్వ చూపు చూసి మళ్లీ కలం పట్టుకుంది. ‘హీ’ కొట్టేసి, వారు అని వచ్చేలా ‘దే’ అనీ, ‘ఈజ్’ కొట్టేసి ‘ఆర్’ అనీ దిద్దింది. అవ్వ మళ్లీ నూరడం మొదలుపెట్టింది.

మర్నాడు అర్జీ టైపు చేయించడానికి పోతే, టైపు మాస్టరు ఆ రెండు మాటలకూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, అందరి ముందూ అడిగాడట: “మీకు ఎంతమంది నాయనలమ్మా?”

అక్క ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. నాయన మాస్టరు మీదికి పోతారనుకున్నాను. ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి అక్క పక్కన కూర్చున్నారు.

“వాడు అనే రాయి పాపా. నీకు ఉద్యోగమొస్తే సాలు.”

అక్క ఏడుస్తూ ‘హీ’ అని రాసింది. ఉద్యోగం వచ్చింది.

ఆ మగ్గాలు పోయాయి, టైపు మాస్టర్లూ పోయారు. మొన్న తిరుపతిలో మా అమ్మాయి ఫోను చేత అర్జీ రాయించి నాకు చూపించింది. వెతికి వెతికి చదివాను. ఒక్క తప్పూ లేదు.

“ఇందులో మీ నాయన యాడుండారు?” అన్నాను.

“నాయన గురించి ఎవురడగతారమ్మా?” అంది, తలెత్తకుండా.

మళ్లీ మొదటి నుంచి చదివాను. ‘హీ’ లేదు, ‘దే’ లేదు, వాళ్ల నాయన అందులో ఎక్కడా లేరు.