పాపారావుగారి తప్పుల పుస్తకం

పాపారావుగారికి ఉన్నది ఒక్కటే పిచ్చి: ఎవరైనా బదిలీ అయి వెళ్తుంటే, వాళ్ళు చేసిన తప్పులన్నీ అడిగి రాసుకోవడం. రాజోలు దగ్గర ఒక కొబ్బరి మొక్కల సొసైటీలో ఆయన హెడ్ గుమాస్తా. అందరూ దండలు వేసి సాగనంపుతుంటే ఈయన మాత్రం చంకలో పుస్తకంతో నిలబడేవారు.

"వెళ్ళేవారు ఎలాగూ వెళ్తున్నారు, మీ తప్పులు ఇచ్చేసి వెళ్ళండి బాబూ!"

చెప్పకపోతే వదిలేవారు కాదు. రేవుదాకా వెంటపడి, పంటు ఎక్కి, గోదావరి దాటి, అవతలి ఒడ్డున ఆఖరి తప్పు రాసుకుని తిరుగు పంటులో వచ్చేవారు. చర్చి నుంచి బదిలీ అయిన పాస్టరుగారిని కూడా అడిగారట. పాపం ఆయన ప్రార్థన పేరుతో కళ్ళు మూసుకుని, పంటు ఒడ్డు చేరేదాకా తెరవలేదు.

అదే ఆఫీసులో పనిచేసే జ్ఞానమ్మకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. 1987లో సొసైటీకి కంప్యూటర్ వస్తే, దిండి వైపు లంకలకు ఏ రోజు మొక్కలు పంపాలో చీటీలు తీసే ప్రోగ్రాం రాసింది ఆమే. ఏడాదిపాటు ఒక్క ఫిర్యాదు లేదు. అప్పుడు కొత్త ప్రెసిడెంటు మాణిక్యాలరావుగారు వచ్చి, ఒక్క ఆఫీసును మూడు సెక్షన్లు చేసి, పాతవాళ్ళను తలో దిక్కుకూ పంపేశారు. పదిహేను రోజుల్లో మూడు పడవల మొక్కలు గట్టు మీదే ఎండిపోయాయి.

"ప్రోగ్రాం పాడు చేసింది నువ్వే కదమ్మా! సోమవారంలోగా కారణం చెప్పు. లేకపోతే ఉద్యోగం మానెయ్," అన్నారు ప్రెసిడెంటుగారు జ్ఞానమ్మతో.

"ఒక్క అక్షరం కూడా మార్చలేదండీ," అంది జ్ఞానమ్మ. నిజంగానే మార్చలేదు. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాం మొత్తం మళ్ళీ మళ్ళీ చదివింది.

సోమవారం పొద్దున్నే పాపారావుగారు పుస్తకం తెచ్చి ప్రెసిడెంటు బల్ల మీద పెట్టారు.

"అవతలి ఒడ్డుకి బదిలీ అయిన మన పడవల గుమాస్తా సీమోను పంటు మీద చెప్పేడండి. పోటు తక్కువున్న రోజు నీళ్ళు చాలక లంకకి పడవ వెళ్ళదని అమ్మాయికి చెప్పడం మర్చిపోయేడంటండి. చీటీ వచ్చినప్పుడల్లా తేదీ తనే పెన్సిల్‌తో దిద్దేసేవాడంట. రాసుకున్నవాణ్ణి, నేనూ అమ్మాయికి చెప్పలేదండి. అదీ రాసేను."

ప్రెసిడెంటు చూశారు. తప్పుకు ఎదురుగా, చేసినవారు అన్నచోట 'పాపారావు' అని ఉంది. పేజీలు తిప్పారు. మూడు వందల పన్నెండు తప్పులు. అన్నీ పాపారావువే.

"ఇన్నీ మీరే చేశారా?"

"ఆయ్, నావేనండి. వాళ్ళ పేర్లు రాస్తానంటే ఒక్కడూ నోరు విప్పడు కదండీ."

జ్ఞానమ్మ తొంగిచూసింది. చేరిన కొత్తలో తను రైతుల జాబితా మొత్తం చెరిపేసిన సంగతి కూడా ఆయన పేరు మీదే ఉంది. ఇన్నాళ్ళూ ఈయన్ని చూసి నవ్వానే అనుకుంది.  రెండు చేతులూ జోడించింది.

ప్రెసిడెంటు ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయారు. 'ఎవరినీ అడగకుండా ఆఫీసును మూడు ముక్కలు చేయడం. చేసినవారు: పాపారావు.'

 ఆయన జేబులోంచి పెన్ను తీసి, పాపారావు పేరు కొట్టేసి, పక్కన తన పేరు రాశారు.

"సీమోనుని వెనక్కి పిలిపించండి. ఈ అమ్మాయి పక్కన పదిరోజులు కూర్చుని అన్నీ చెప్పమనండి."

"ఆయ్," అంటూ పాపారావుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, కొత్త పేజీ తెరిచారు. "ఇంకేమైనా ఉన్నాయాండీ, ప్రెసిడెంటుగారూ?"