ఐసు గదిలో మూడో ఊపిరి

ఫోనులో డేటా కుళాయి నీళ్ళలా ధారాళంగా రావడం మొదలైన ఆ రోజుల్లో మా ఊరి కుర్రాళ్ళు తలా ఒక పిచ్చిలో పడ్డారు. ఒకడు క్రికెట్టు, ఒకడు డాన్సులు, మా పక్కింటివాడయితే ఎవరో ఎక్కడో పాతకాలపు ట్రాక్టర్లు విప్పి బిగించే వీడియోలు అన్నం మానేసి చూసేవాడు. నాకు మాత్రం మంచుకొండలు పట్టుకున్నాయి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, జన్మలో కొండన్నది ఎక్కిన పాపాన పోలేదు. మా ఊరు జువ్వలదిన్నె చుట్టుపక్కల ఎత్తయినదేమైనా ఉందంటే అది మంచినీళ్ళ ట్యాంకు, దాని తర్వాత ఇసక దిబ్బ. అయినా సరే, ముక్కులు నల్లబడి, గడ్డాలకు మంచు వేలాడుతూ, ఒక్క తాడు పట్టుకుని ఆకాశంలో ఊగిసలాడే ఆ మనుషులను చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించేది. వాళ్ళలో నలుగురు వెళ్తే ఇద్దరు తిరిగి వచ్చేవాళ్ళు. ఆ తిరిగి రాని ఇద్దరి కోసమే నేను చూసేవాడినేమోనని ఇప్పుడు అనుమానం వేస్తుంది, ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగానూ ఉంది.

అప్పుడు నేను హార్బరు దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. ఆ పనిలో పెట్టింది మా అమ్మ. నాకు ఏడేళ్ళున్నప్పుడు మా నాన్న సముద్రంలో చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ చెక్కలు ఒడ్డుకు వచ్చాయి గానీ మనిషి రాలేదు. ఆ రోజు నుంచి మా అమ్మకు ఒకటే పట్టుదల. "నా బిడ్డని నీళ్ళ మీదకి పంపను. ఒడ్డునే ఉండి ఏ పనైనా చేసుకోనీ" అని ఊరందరితో చెప్పి, ఎవరెవరినో బతిమాలి నన్ను అక్కడ చేర్చింది. (ఐసంటే గడ్డకట్టిన నీళ్ళేనని అప్పట్లో ఆమెకు ఎవరూ గుర్తు చెయ్యలేదు.) నేను ఒక పది నిమిషాలు ఆలస్యంగా ఇంటికి వచ్చినా వీధి మలుపు దాకా వచ్చి నిలబడేది. నన్ను చూడగానే ఏమీ ఎరగనట్టు వెనక్కి తిరిగి ముందు నడిచేది.

ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, కావలి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, ఎన్ని సబ్బులు రుద్దినా ఆయన దగ్గర ఐసు యంత్రాల అమోనియా వాసన పోయేది కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం ఒకే ఫోను ముందు కూర్చుని కొండలు ఎక్కేవాళ్ళం. ఆ డాక్యుమెంటరీలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. నాకు అందులో సగం అర్థమయ్యేది, మిగతా సగం నేనే కల్పించి భాయ్‌కి చెప్పేవాణ్ణి. "ఇప్పుడాయన ఏమంటుండాడు?" అని భాయ్ అడిగితే, "చస్తే ఇక్కడే చస్తాను గానీ వెనక్కి రానంటుండాడు భాయ్" అనేవాణ్ణి. (పాపం ఆయన బహుశా టీ అడిగి ఉంటాడు.) భాయ్ తల పట్టుకునేవాడు. "అరె, ఆ చలిలో చచ్చేదానికి డబ్బులు కట్టి పోతారా? మనల్ని చూడు, ఓనరు జీతమిచ్చి మరీ చలిలో పెట్టినాడు" అనేవాడు. అనడం అనేవాడు గానీ మర్నాడు ఆయనే ముందుగా వచ్చి ఫోను తియ్యమనేవాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంట్లో అలాంటిదే ఒకటి చూస్తున్నాను. చాలా ఎత్తులో చనిపోయినవాళ్ళను కిందికి తేవడం ఎవరి తరమూ కాదట, ఎక్కడివాళ్ళను అక్కడే వదిలేస్తారట. వచ్చేపోయేవాళ్ళు ఆ మనుషులను గుర్తుగా పెట్టుకుని దారి తెలుసుకుంటారట. తెర మీద అలా మిగిలిపోయిన ఒకాయన్ని చూపిస్తుంటే, చేపలు కడుగుతున్న మా అమ్మ చేతులు ఆపి నా వెనక వచ్చి నిలబడింది. "ఎన్నేళ్ళయిందంట ఆయన పోయి?" అంది. చాలా ఏళ్ళయిందన్నాను. "మొహం తెలస్తా ఉందా?" అంది. తెలుస్తుందట, మంచు కదా, చెడిపోరన్నాను. ఆమె ఫోను మీదకి వంగి చూసి, "ఆళ్ళ ఆడోళ్ళు అదృష్టవంతులు నాయనా, యాడుండాడో తెలిసింది" అని మళ్ళీ చేపల దగ్గరకు వెళ్ళిపోయింది. ఎండ మండిపోతున్న ఆ పట్టపగలు నా వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయింది, ఫోను కట్టేశాను.

కట్టేశానని బుద్ధి వచ్చిందనుకునేరు. జూన్ నెలలో వేట నిషేధం ముగిసే ముందు ఐసు ఫ్యాక్టరీలో పండగ వాతావరణం ఉంటుంది. నిషేధం ఎత్తెయ్యగానే బోట్లన్నీ ఒకేసారి సముద్రంలోకి దిగుతాయి కనుక వారం ముందు నుంచే ఐసు దిమ్మలు పోసి, స్టోరు గదిలో దిమ్మ మీద దిమ్మ పేర్చి కప్పు దాకా నింపుతారు. ఆ ఏడాది అలా నిండిన గదిని చూసి నా బుర్ర తిరిగింది. తలుపు తియ్యగానే ఎదురుగా రెండు నిలువుల ఎత్తున తెల్లటి గోడ, నీలంగా మెరుస్తూ, పైన ఎక్కడో చీకట్లో కలిసిపోతూ ఉంది. దాని నుంచి పొగ దిగుతోంది. "భాయ్, ఇది మన కోసమే పుట్టింది" అన్నాను. "నీకు పిచ్చి ముదిరింది" అన్నాడు భాయ్, అంటూనే నా నడుముకు కట్టడానికి వల తాడు వెతుకుతున్నాడు.

నిషేధం ఎత్తే రోజుకు ముందు మధ్యాహ్నం కూలీలందరూ అన్నాలకు వెళ్ళారు, నాలుగింటికి గానీ రారు. ఇద్దరం చెప్పులు బయట విడిచి గంబూట్లు వేసుకున్నాం. దిమ్మలు లాగే ఇనప కొక్కేలు రెండు చేతుల్లో పట్టుకున్నాను. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని డాక్యుమెంటరీల్లో చూసిన జ్ఞానంతో నా ఫోనూ భాయ్ ఫోనూ బయట బల్ల మీద జాగ్రత్తగా పెట్టించాను. ఇక తలుపు. ఆ గది తలుపు జానెడు మందం, దానంతటదే మూసుకుంటుంది, గడియ బయట పడుతుంది, లోపలి నుంచి తెరిచే పిడి ఎప్పుడో విరిగిపోయింది. అందుకని మూసుకోకుండా ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పెడతాం. మా ఫ్యాక్టరీలో కూర్చోవాలంటే ఐసు దిమ్మ, బల్ల కాలు ఎగుడుదిగుడయితే ఐసు ముక్క, తలుపుకు అడ్డం పెట్టాలన్నా ఐసు ముక్కే. రెండు నిమిషాల్లో దిమ్మ లాక్కుని వచ్చేసేవాళ్ళకు అది చాలు. జూన్ ఎండ తిన్నగా గుమ్మం మీద పడుతుండగా అరగంట పాటు హిమాలయాలు ఎక్కబోయేవాళ్ళకు చాలదని ఆ మహా మేధావులిద్దరికీ తోచలేదు.

ఎక్కాను, అబద్ధమెందుకు. మూడుసార్లు జారి భాయ్ నెత్తిన పడ్డాక, నాలుగోసారి కప్పు తాకాను. ముక్కు కారుతోంది, వేళ్ళు తెలియడం లేదు, అయినా ఒక చెయ్యెత్తి "భాయ్, శిఖరం!" అని అరిచాను. భాయ్ కింద నుంచి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్ల మధ్యలోనే 'ధబ్' మని ఇంకో చప్పుడు వినిపించింది. తలుపు మూసుకుంది. కరిగిన ఐసు ముక్క గుమ్మం అవతలికి ఎప్పుడు జారిపోయిందో మరి. గడియ పడిన 'టక్' మన్న శబ్దం విన్నాక నేను కిందికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు.

అరిచాం, తన్నాం, కొక్కేలతో బాదాం. ఆ తలుపు మా గొంతులను మింగేసింది. "నాలుగు దాకా ఉండగలమా భాయ్?" అన్నాను. ఆయన మూలనున్న గోనె పట్టలు తెచ్చి నాకు మూడు చుట్టి, తను మూడు చుట్టుకుని, "గెంతు" అన్నాడు. గెంతడం మొదలుపెట్టాం. ఆయన అల్లాను పిలుస్తున్నాడు, నేను యేసయ్యను పిలుస్తున్నాను. ఇంతలో ఉన్న ఒక్క బల్బూ పోయింది. చల్లగాలి కొట్టే ఫ్యాన్లు గుర్రుమని ఆగిపోయాయి. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఎలాంటిదో చెప్పలేను. నా కళ్ళు తెరిచున్నాయో మూసున్నాయో చేత్తో తడుముకుంటే గానీ తెలియలేదు. దిమ్మలు మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు ఉండుండి 'టిక్' మంటున్నాయి, ఎక్కడో లోపలి నుంచి కర్రుమని ఒక పగులు పాకుతోంది.

ఇంకాసేపు గెంతాక నాకు చెమట పట్టింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఎందుకంటే చలికి చచ్చిపోయేవాళ్ళకు ఆఖరి ఘడియల్లో ఒళ్ళంతా వేడెక్కినట్టుంటుందనీ, బట్టలు విప్పేసుకుని పోతారనీ అప్పటికి అరడజను డాక్యుమెంటరీల్లో చూశాను. "భాయ్, నాకు ఉక్కపోస్తా ఉంది" అన్నాను ఏడుపు గొంతుతో. "నాక్కూడా రా" అన్నాడు భాయ్. "చొక్కా విప్పొద్దు భాయ్! విప్పితే అయిపోయినట్టే!" "నువ్వు నా చొక్కా పట్టుకో, నేను నీది పట్టుకుంటా. ఎవురన్నా విప్పబోతే లాగి కొట్టాల." అలా ఒకరి కాలరు ఒకరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాం. (కరెంటు పోయిందనీ, చలిగాలి ఆగిందనీ, మూడేసి గోనె పట్టలు కట్టుకుని అరగంట గెంతిన ఎవడికైనా చెమట పడుతుందనీ అప్పుడు తట్టలేదు. కరెంటు కోతను అందరూ తిట్టుకుంటారు, నేను మాత్రం ఎన్నడూ తిట్టను.)

తర్వాత అలిసిపోయాం. చెమట ఆరి అసలైన చలి ఎముకల్లోకి దిగింది. భాయ్ నా కాలరు వదిలేసి చేతులు గోనెలోకి ముడుచుకున్నాడు. నిద్ర ముంచుకొచ్చింది. మా అమ్మ వీధి మలుపులో నిలబడి ఉంటుందనీ, ఈసారి చూసి వెనక్కి తిరగడానికి ఆమెకు నేను కనిపించననీ అనుకున్నాను, అనుకుంటూనే కూర్చోబోయాను. అప్పుడు విన్నాను. కుడివైపు భాయ్ ఊపిరి, గురకలాగా. నాది నాకు తెలుస్తోంది. ఎడమవైపు ఇంకొకటి ఉంది, నిదానంగా, బరువుగా, దూరం నుంచి తెడ్డు వేసి వచ్చిన మనిషి తీసే ఊపిరిలాగా. ఇంకా కూర్చోబోతుంటే నా భుజం పట్టి ఎవరో పైకి తోశారు.

"తోస్తావెందుకు భాయ్, లేస్తుండా కదా" అన్నాను. "నేను తోయలేదే" అన్నాడు భాయ్ కుడివైపు నుంచి. "నా చేతులు రెండూ గోనెలో ఉండాయి."

ఇద్దరం ఇక కూర్చోలేదు. ఒకరికొకరం ఆనుకుని, ఎడమవైపు మాత్రం ఎవరమూ చెయ్యి చాపకుండా నిలబడిపోయాం.

తలుపు తెరిచింది మా అమ్మ. ఒంటిగంటకు అన్నానికి రావాల్సినవాణ్ణి మూడు కావస్తున్నా రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చింది. ఫ్యాక్టరీలో మనుషులు లేరు, బల్ల మీద ఫోన్లున్నాయి, గుమ్మం దగ్గర నా చెప్పులున్నాయి. మా నాన్న వెళ్ళిన రోజు కూడా ఒడ్డున ఆయన చెప్పులే మిగిలాయని నాకు తర్వాత ఊళ్ళోవాళ్ళు చెప్పారు, మా అమ్మ నాకెన్నడూ చెప్పలేదు. వెలుతురు భళ్ళున కొట్టేసరికి నేను గుడ్డివాడిలా చేతులు చాచాను. ఆమె నన్ను ముందు తడిమింది, తల, చెవులు, చేతులు, వేళ్ళు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. తర్వాత చెంప మీద ఒక్కటిచ్చింది. భాయ్ వైపు తిరిగి, "నీకు వయసొచ్చింది గదా అన్నా, నీకన్నా బుద్ధి ఉండబళ్ళా?" అంది. భాయ్ గోనె పట్టల్లో తల వంచుకుని, "ఉండాల్నే అక్కా" అన్నాడు. ఆమె అక్కడే గుమ్మంలో కరిగిన నీళ్ళల్లో చతికిలబడి గట్టిగా ఏడ్చింది.

సాయంత్రానికి ఇంటి నిండా జనం. నేను దుప్పటి కప్పుకుని, మిరియాల చారు తాగుతూ, కథ చెబుతున్నాను. చెప్పేకొద్దీ ఐసు గోడ ఎత్తు పెరుగుతోంది. కాలర్లు పట్టుకున్న ఘట్టానికి ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ ఊపులో మూడో ఊపిరి సంగతి కూడా చెప్పేశాను. "దెయ్యానికీ ఐసు కావాల్సొచ్చిందేమోరా" అన్నాడు ఒకడు, మళ్ళీ అందరూ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. గరిటె చేతిలో పట్టుకుని నిలబడింది.

అందరూ వెళ్ళాక నా పక్కన వచ్చి కూర్చుంది. "ఏ పక్కన ఉన్నింది?" అంది. ఎడమ పక్కన అన్నాను. "భుజం మీద చెయ్యేసినాడా?" 'ఉన్నింది' కాస్తా 'వేసినాడు' అయింది, గమనించాను. వేశాడన్నాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఆ చెయ్యి చల్లగా ఉన్నిందా, వెచ్చగా ఉన్నిందా?"

నేను అన్నీ తెలిసినవాణ్ణి. చావుకు దగ్గర పడిన కొండలెక్కేవాళ్ళకు పక్కన ఇంకో మనిషి ఉన్నట్టు తోస్తుందనీ, అదంతా అలిసిపోయిన బుర్ర ఆడే ఆటేననీ డాక్యుమెంటరీలో విని భాయ్‌కి గంటసేపు వివరించినవాణ్ణి. ఆ ముక్క నోటి దాకా వచ్చింది. ఆమె మొహం చూశాను. "వెచ్చగానే ఉన్నింది మా" అన్నాను.

"అయితే ఆయనకి చలి లేదు" అంది మా అమ్మ. ఎవరితోనో ఎన్నాళ్ళుగానో వాదించి ఇప్పుడు గెలిచినట్టు తల ఊపింది. లేచి వెళ్ళి కంచం పెట్టుకుని, రెండోసారి అన్నం వడ్డించుకుని తింది. ఆమె అలా తినడం నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు నేను కొడవలూరు దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని, రోజూ తలుపుల లోపలి పిడులు నేనే లాగి చూసుకుంటాను, కుర్రాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. ఇనప కొక్కేలతో ఐసు గోడ ఎక్కిన ఆ ఇరవై రెండేళ్ళ వెర్రివాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. నిజానికి ఆ గదిలో అప్పటికి నా భుజాలు మొద్దుబారిపోయి ఉన్నాయి, తోసిన చెయ్యి చల్లగా ఉందో వెచ్చగా ఉందో నాకు తెలియనే లేదు. వాడు అన్నన్ని వాగాడు గానీ, ఆ ఒక్క జవాబు మాత్రం సరిగ్గానే చెప్పాడు.