పిలవని సేవలు

ఫిలిప్పీన్స్‌లో సెబు దీవిలోని హైస్కూల్లో కంప్యూటర్లు నేర్పే రోసెండా మేడమ్, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు తోసుకుంటూ, రోజూ అందరికంటే ముందు ల్యాబ్ తెరుస్తుంది. పదమూడేళ్ల నాటి లినక్స్ యంత్రాలు లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంటే, వెనకాల వాటంతటవే మొదలయ్యే చిన్న ప్రోగ్రాములు, అదే ‘సేవలు’, ఏమేమున్నాయో ఒక్కొక్కటే రాసుకుంది. ప్రింటరు లేని గదిలో ప్రింటరు సేవ, బ్లూటూత్ లేని పెట్టెలో బ్లూటూత్ సేవ. “నిన్నెవరు పిలిచారే?” అని గొణుగుతూ ఒక్కోదాన్నీ ఆపేసి, మళ్లీ వెలిగించి చూసేది. తొందరలో నెట్‌వర్క్‌నే ఆపేసిన రోజు నాలుక కరుచుకుని తిరిగి పెట్టింది.

సోమవారం జిల్లా ఆఫీసు నుంచి విల్యాఫ్లోర్ సార్ తుక్కు జాబితాతో వచ్చాడు.

“ఈ పన్నెండూ తీసేస్తున్నాం మేడమ్. కొత్తవి ఎప్పుడొస్తాయో చెప్పలేను.”

“అందాకా పిల్లలు బల్లల మీద టైపు కొట్టాలా? మీ కొత్త లాప్‌టాప్ తీయండి సార్. మీదీ, నా పాత పెట్టెదీ బటన్లు ఒకేసారి నొక్కుదాం.”

“ముసలి దున్నతో పందెమా?”

“పొలం దున్నేది ఆ దున్నే కదా సార్!”

ఇద్దరూ నొక్కారు. అరనిమిషంలో ఆమె తెర మీద పాఠం తెరుచుకుంది. ఆయన తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆమె జాబితా లాక్కుని, ఆయన జేబులోని పెన్నుతోనే పన్నెండు వరుసలూ కొట్టేసింది.

“కింద సంతకం పెట్టండి సార్. మీది లేచేలోపు బోలెడు టైముంది.”