ఉప్పు కాలువకు ఇద్దరు వియ్యంకులు

నా పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే ఉప్పు కాలువ మీద ఉన్నాయి. రెండూళ్లలోనూ రొయ్యల గుంటలే. కాలువ నీళ్లే తోడుకుంటారు, వాడిన నీళ్లు మళ్లీ కాలువలోకే వదులుతారు. ఆటుకు మా నాన్న ఊరి మురికి మా అత్తగారి ఊరికి దిగుతుంది, పోటుకు మా మురికి వాళ్లకు ఎక్కుతుంది. అయినా ఎవరిని అడిగినా రోగమంతా పక్క ఊరి నుంచే వస్తుందంటారు.

అక్కడి రొయ్యల రైతులకు మా నాన్న పెద్ద, ఇక్కడి వాళ్లకు మామగారు పెద్ద. అందుకని రెండూళ్ల తగాదా మా వంటింటిదాకా వచ్చేది. కిందటి పంట తెల్లమచ్చ రోగంతో పోయినప్పుడు మామగారు నా వైపు చూసి, "మీ పుట్టింటి సారె వచ్చింది మా, దించుకో" అన్నారు. నవ్వాను గానీ ఆయన మొహంలో నవ్వు లేదు. మళ్లీ రొయ్యపిల్ల పోశారు. ఈ పంటా పోతే గుంటలు కౌలుకిచ్చేస్తానని తేల్చి చెప్పారు. గట్టు మీద తిరగకపోతే ఆ మనిషికి పొద్దు గడవదు.

నీళ్లు శుభ్రం చేసి వదలమని అధికారులు ఏటా వచ్చి చెబుతారు. రెండూళ్లూ ఏటా తల ఊపుతాయి. అధికారి మాట వినకపోయినా వియ్యంకుడి ముందు మాత్రం ఇద్దరూ తగ్గరని నాకు తెలుసు. నాన్నకు ఫోన్ చేసి, "మా మామ వాడిన నీళ్లు వేరే గుంటలో నిలబెట్టి, బ్లీచింగ్ చల్లి, తేరినాకే వదలతా ఉండాడు" అన్నాను. పచ్చి అబద్ధం.

"ఓహో! మేం చేతగాక కూర్చోనుండామనుకున్నాడా?" అన్నాడు నాన్న.

వెంటనే మామగారి దగ్గరికి వెళ్లి, నాన్న ఊళ్లో ఆ పని ఎప్పుడో మొదలైందని చెప్పాను. అది ఇంకా పచ్చి అబద్ధం.

ఆ వారంలోనే, మామగారు నీళ్లు తేర్చే గుంట చూడ్డానికి వస్తున్నానని నాన్న కబురు పెట్టాడు. "లేనిదాన్ని ఏం చూస్తాడంట?" అని మామగారు నన్ను ఉరిమి చూశారు. లేదని చెప్పడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది. ఆదరాబాదరాగా జేసీబీ పిలిపించి, ఖాళీగా ఉన్న గుంటను లోతు చేయించారు. ఊరందరికీ ఇదే కట్టుబాటని చాటించారు. నాన్న వచ్చి గట్టంతా తిరిగి, "మాది ఇంతకన్నా పెద్దది బావా" అన్నాడు. సాగనంపడానికి వెళ్తే నా చెవిలో, "రేపే తవ్విస్తా మే, నోరు మూసుకో" అన్నాడు. అన్నట్టే తవ్వించి అక్కడా కట్టుబాటు పెట్టాడు. నా అబద్ధాలు రెండూ నిజమైనందుకు తెగ మురిసిపోయాను.

మామగారి రొయ్యలు పట్టే రోజులు దగ్గరపడ్డాయి. సరిగ్గా అప్పుడే నాన్న గుంటల్లో తెల్లమచ్చ కనిపించింది. అలాంటప్పుడు ఎవరైనా ఆటు చూసి గట్టుకు గండి కొట్టేస్తారు. గుంట తొందరగా ఆరితే మళ్లీ పిల్ల పోసుకోవచ్చు. నాన్న ఆ పని చేయకుండా మామగారికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నాకూ వినబడింది.

"బావా, నా రొయ్య పోయింది. నీళ్లు మాత్రం వదల్లా. బ్లీచింగ్ కొట్టి కట్టిపెట్టినా. ఈ తడవకి నాకు పంట లేనట్టే. నువ్వు భయపడకుండా మోటారెయ్."

ఎగతాళికి ఎప్పుడూ తడుముకోని మామగారు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది.

"మీ నాయన నీళ్లు వదిలుంటే ఈపాటికి తిట్టేసి నిమ్మళంగా ఉండేవాణ్ణి మా," అన్నారు. "ఇప్పుడు ఆయన్ని ఏమని తిట్టేది?"