ఒకటో నంబరు చీటీ

మా ఎమ్మెల్యే గారు దవాఖానాకు వస్తే డాక్టరు గదిలోకి నేరుగా వెళ్లేవారు కాదు. అందరిలాగే చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చునేవారు. “నా నంబరు రానియ్యుండ్రి. ఎంతసేపైతదో నాకు గూడ తెల్వాలె గద,” అనేవారు.

పటాన్‌చెరు కంపెనీల మధ్య ఉన్న ఆ సర్కారు దవాఖానాలో చీటీలు రాసేది నేనే. ఒకసారి ఆయన వస్తున్నారని ముందే తెలిసింది. అంత పెద్దమనిషిని వరుసలో కూర్చోబెట్టడం మర్యాద కాదనిపించింది. ఇస్నాపూర్ కిరాయి గదుల నుంచి పొద్దున్నే వచ్చిన ఆడవాళ్లను, దగ్గుతున్న ముసలివాళ్లను “రేపు రాండ్రి” అని పంపేశాను. ఆయనకు ఒకటో నంబరు చీటీ ఇచ్చాను.

“జనమే లేరేందయ్యా?” అన్నారాయన, ఖాళీ బెంచీలు చూసి.

“ఈడ రోజూ గింతే సార్,” అన్నాను.

నెల తిరక్కుండానే ఆయన, ఇక్కడ జనం తక్కువని, మా డాక్టరమ్మను వారానికి నాలుగు రోజులు, డాక్టరే లేని ఓ దూరపు పల్లెకు వేయించారు. నా మాట నమ్మిన మనిషికి అది న్యాయమే.

తర్వాత ఒకరోజు చెప్పకుండా వచ్చారు. వరుస గేటు దాటి ఉంది. చీటీ తీసుకుని ఒక ముసలమ్మ పక్కన కూర్చున్నారు.

“మొన్న నేనొచ్చిననాడు మీరంతా ఏడ ఉన్నరమ్మా?”

“ఈడికే వచ్చినం బిడ్డా. నువ్వొస్తున్నవని రేపు రమ్మన్నరు. ఇప్పుడు డాక్టరమ్మనే దొరుకుతలేదు.”

రమ్మన్నది ఎవరని ఆయన అడగలేదు. చేతిలోని చీటీనే చూస్తూ, “తప్పు నాదేనమ్మా,” అన్నారు.

ఆ మాట అనాల్సింది నేను. తలెత్తకుండా తర్వాతి చీటీ రాశాను.