పక్క కుర్చీ మీద రుమాలు

ఈ సాయంత్రం గవర్నరుపేటలో ఒక చర్చి హాల్లో మన ఊరి కుర్రాళ్లు నలుగురు బెల్‌బాటమ్ ప్యాంట్లేసుకుని, ఎలక్ట్రిక్ గిటార్లతో ఇంగ్లీషు పాటలు పాడారు. మా ఆఫీసులో ఆ పాటలంటే అందరికీ తలనొప్పి. అందుకే ఒక్కడినే వెళ్లాను. ఆ సంగతి బయటపడకుండా, హనుమాన్ జంక్షన్ బస్సులో సీటుకి వేసినట్టు పక్క కుర్చీ మీద రుమాలు వేశాను.

నా వయసు మనిషొకాయన వచ్చి, "ఇక్కడెవరన్నా వస్తారాండీ?" అనడిగాడు.

"మా ఫ్రెండ్ వస్తాడండీ," అనేశాను.

ఆయన వెనక వరసలోకి వెళ్లిపోయాడు. ఆఖరి పాటకి చప్పట్లు కొడుతూ వెనక్కి తిరిగి చూస్తే, ఆయన పక్క కుర్చీ మీదా ఒక రుమాలుంది.

ఇద్దరం రుమాళ్లు మడిచి జేబుల్లో పెట్టుకుని, ఎవరి సైకిలు వాళ్లం ఎక్కేశాం.

ఇంతకీ మీరు ఎవరి కోసం వేస్తారు రుమాలు? నిజం చెప్పండి.