బుగ్గ మీద వదిలిన చోటు

అక్క బొమ్మలో బుగ్గల మీద రంగు వేసింది నేను. ఈ ముక్క ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. భార్య పోయాక మా బావకు మతి చెడిందని, అందుకే కుంచె వదిలేశాడని రంగూన్లో మనవాళ్ళంతా ఇప్పటికీ అనుకుంటున్నారు. అది నిజం కాదు.

మా ఇద్దరిదీ దుకాణాలకు బోర్డులు రాసే పని. నాకు కుంచె పట్టడం నేర్పింది బావే. ప్రింటు బ్యానర్లు వచ్చి ఆ పని పోయాక ఆయన బొమ్మల్లో పడ్డాడు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో, బర్మా భాషలో, ఒక ఫ్రెంచి చిత్రకారుడి జీవితకథ దొరికింది. దాన్నే తిరగేసి మరగేసి చదివేవాడు. ఆ చిత్రకారుడు బ్యాంకు యజమాని కొడుకు. లా చదువు మానేసి బొమ్మలు వేయడం పట్టుకున్నాడు. పారిస్‌లో ఏళ్ళ తరబడి ఆయన బొమ్మల్ని తిప్పి పంపారు, చూసినవాళ్ళు నవ్వారు. సొంతూరికి పోయి అదే కొండను, అవే ఆపిల్ పళ్ళను ముసలితనం దాకా వేస్తూనే ఉన్నాడు. బొమ్మ వేస్తున్నంతసేపూ ఎదుట కూర్చున్న భార్యను కదలనిచ్చేవాడు కాదట. ఆఖరికి ఆరుబయట బొమ్మ వేస్తూ వానలో తడిసి, మంచాన పడి పోయాడు. ఏ రంగు వేయాలో తేలని చోట కాన్వాసును ఉత్తగా వదిలేసేవాడు. తోచింది పులిమితే బొమ్మంతా మళ్ళీ మొదటికొస్తుందని ఆయన భయం.

బావకూ అదే పట్టుకుంది. సేక్కాన్ రేవు క్రేన్లు కనిపించే కిటికీ దగ్గర అక్కను కూర్చోబెట్టేవాడు.

"కదలకే. ఆపిల్ పండు కదుల్తాదేటి?"

"ఆపిల్ పండుకి కూరొండే పని నేదు కదా," అనేది అక్క. "ఆ ఫ్రాన్సోడి పెల్లాం ఎలా బరించిందో గానీ, నాను ఉడికిపోతన్నాను."

తర్వాత అక్కకు జబ్బు చేసి ముదిరింది. ఇక్కడి ఆడవాళ్ళంతా చెక్క అరగదీసి రోజూ బుగ్గలకు గంధంలా పూసుకునే లేతపసుపు తనకా కూడా మానేసింది. బొమ్మలో రెండు బుగ్గలూ ఖాళీగానే ఉండిపోయాయి. బావ కుంచె పట్టుకుని ఆమె ముఖం వైపు చూసి చూసి, మళ్ళీ కింద పెట్టేసేవాడు.

అక్క పోయింది. పెద్దకర్మ ముందు రోజు బావ పంతులుగారితో ఏటికి వెళ్ళాడు. బొమ్మకు దండ వేద్దామని నేను గోడకు తగిలించాను. కర్మకు వచ్చిన మా పిన్ని చూసింది.

"ఒరే, బుగ్గల మీద ఆ తెల్ల మచ్చలేటిరా, బొల్లొచ్చినట్టు? అలాగే దండేసీడమేనా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చోటు తనకా కోసమే వదిలాడనుకున్నాను. ఈ ఊళ్ళో పుట్టినవాడికి ఆడమనిషి బుగ్గ మీద ఖాళీ కనిపిస్తే ఇంకేం తోస్తుంది? లేత పసుపు కలిపి రెండు బుగ్గలకూ గుండ్రంగా పూశాను. అక్కకు కళ వచ్చిందనుకున్నాను కూడా.

బావ తడిబట్టలతో తిరిగొచ్చి బొమ్మ ముందు నిలబడిపోయాడు. ముట్టుకుంటే వేలికి రంగు అంటింది.

"తనకా కాదురా," అన్నాడు. "అది పూసుకోడం మానేసినాక దాని మొకం రంగేటో ఇప్పుడిప్పుడే అందతంది నాకు." నా వైపు తిరిగాడు. "రేత్రి నిద్దర నేదు. నానే పులిమీసినానేటి?"

రాత్రంతా ఆయన ఆ బొమ్మ ముందే కూర్చున్న మాట నిజం. నేను దండ ముడి సరిచేస్తూ అవునన్నట్టు తల ఊపాను.

"నా సెయ్యి నా మాట ఇననప్పుడు ఇంకేటి బొమ్మలు," అని కుంచెలు కడిగి ఎవరెవరికో ఇచ్చేశాడు. మళ్ళీ పట్టలేదు. చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ కరెంటు కోతల గురించి మాట్లాడి ఇంటికి వచ్చేశాను. ఈలోగా షుగరు ఆయన కళ్ళను తినేసింది. ఇప్పుడు ఎదుట ఉన్న మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటాడు.

ఈ వానల్లో గాలికి ఆ కిటికీ ఊడిపోయింది. సుత్తి, మేకులు పట్టుకుని వెళ్ళాను. అడ్డంగా కొట్టడానికి, చెక్క పలకల మీద వేసిన తన పాత బొమ్మలే ఒక్కోటీ తడుముకుని అందించాడు. అవి అయిపోయాక గోడ మీది అక్క బొమ్మను దించాడు.

"ఇదీ కొట్టీరా బామ్మర్దీ. ఎలాగూ నాను సెడగొట్టిందే."

సుత్తి పక్కన పెట్టి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"నువ్వు సెడగొట్టనేదు బావా. ఆ రంగు నానే ఏసినాను. నువ్వడిగితే నువ్వేనని తలూపినాను. నీ సెయ్యి ఏ తప్పూ సెయ్యనేదు. నీకు కళ్ళున్నన్నాళ్ళూ సెప్పనేకపోనాను. తప్పయిపోనాది బావా."